120 కిలోమీటర్ల ట్రాక్, 1600 కిలోమీటర్ల హైవే: వైజాగ్ నుంచి వెళ్ళేవాళ్ళు హాట్ హ్యాచ్‌కి ఏ టైర్లు వేసుకోవాలి

ముందు ఒక లెక్క చెప్తాను, ఇది బుర్రకెక్కితే టైర్ల గొడవ సగం తీరిపోయినట్టే. వైజాగ్ నుంచి చెన్నై అవతల ఇరుంగట్టుకోట్టైలో ఉన్న రేసు ట్రాక్, మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కి ఎన్‌హెచ్ 16 మీద దాదాపు 800 కిలోమీటర్లు, రానూ పోనూ 1600. అక్కడ ట్రాక్ ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు, రోజులో నాలుగు సెషన్లు దొరికి సెషన్‌కి ఎనిమిదేసి ల్యాప్‌లు వేసినా మొత్తం మీద 120 కిలోమీటర్లు దాటదు. అంటే మనం కొనే టైరు ఆ 120 కిలోమీటర్ల చావబాదుడికీ తట్టుకోవాలి, మిగతా 1600 కిలోమీటర్లు మనల్ని క్షేమంగా తీసుకెళ్ళి తీసుకురావాలి. చెన్నైలో ఉన్నవాళ్ళు పొద్దున్నే లేచి గంటలో ట్రాక్‌కి వెళ్ళి రాత్రి భోజనానికి ఇంటికొచ్చేస్తారు కాబట్టి వాళ్ళకి సరిపోయే సలహా మనకి అలాగే పనికిరాదు, కోయంబత్తూర్ కారీ స్పీడ్‌వే అయితే మనకి ఇంకా దూరం. నేను ఇక్కడ చెప్పేదంతా హాట్ హ్యాచ్‌లతో, అంటే కాస్త జోరున్న చిన్న హ్యాచ్‌బ్యాక్ కార్లతో, ట్రాక్ డేకి, అంటే మన సొంత కారు ట్రాక్ మీద తోలుకోనిచ్చే రోజుకి, మన ఊరి నుంచి అదే కారు నడుపుకుంటూ వెళ్ళి, అదే కారులో తిరిగొచ్చేవాళ్ళ కోసమే.

నాది పోలో జీటీ టీఎస్ఐ, టైరు సైజు 195/55 ఆర్16, అంటే వెడల్పు 195 మిల్లీమీటర్లు, పక్క గోడ (సైడ్‌వాల్) ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 16 అంగుళాలు. ఐ20 ఎన్ లైన్‌కీ, బాలెనో ఆర్ఎస్‌కీ, అబార్త్ పుంటోకీ కూడా ఇదే సైజు కాబట్టి నా అనుభవం చాలామందికి పనికొస్తుందనుకుంటున్నాను. మొదటిసారి వెళ్ళినప్పుడు కారుకున్న మామూలు టూరింగ్ టైర్లతోనే, అంటే రోజువారీ రోడ్డు టైర్లతోనే వెళ్ళాను. రెండు ల్యాప్‌లు బానే ఉంది, మూడో ల్యాప్‌లో టైర్లు అరవడం మొదలెట్టాయి, ఐదో ల్యాప్‌కి వచ్చేసరికి స్టీరింగ్ ఎంత తిప్పినా కారు ముందు భాగం తిరగకుండా నూనె పోసిన గచ్చు మీద జారినట్టు బయటికి జారిపోతోంది. పిట్‌లోకి తెచ్చి ఎడమ పక్క ముందు టైరు బయటి అంచు తడిమి చూస్తే రబ్బరు ఈకలు ఈకలుగా లేచిపోయి ఉంది, రెండుచోట్ల వేలి గోరంత ముక్కలు ఊడిపోయాయి, అదే టైరు లోపలి సగం మాత్రం కొత్తదానిలా నిగనిగలాడుతోంది. ఇంటికొచ్చాక గాజువాకలో ఎప్పుడూ చూపించుకునే మేస్త్రి దగ్గరికి తీసుకెళ్తే ఆయన వంగి చూసి "ఏటి బాబూ, ఒక్క పక్కే ఇలాగరిగిపోనాది, అలైన్‌మెంట్ పోయిందేటి?" అన్నాడు. అలైన్‌మెంట్ బానే ఉంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారుని ట్రాక్ మీద తోలితే జరిగేదే అది.

ఎందుకంటే మన కార్లలో తిప్పేది ముందు చక్రాలే, లాగేది అవే, బ్రేకు వేస్తే బరువంతా వచ్చి పడేది కూడా వాటి మీదే, వెనక టైర్లు దాదాపు చుట్టపుచూపుగా వస్తుంటాయి. పైగా మన హ్యాచ్‌లన్నిటికీ ముందు స్ట్రట్ సస్పెన్షన్, కంపెనీ సెట్టింగ్‌లో నెగటివ్ క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వాలి ఉండటం, చాలా తక్కువ, కారు మలుపులో ఒరిగినప్పుడు టైరు కూడా ఒరిగి బయటి అంచు మీద నిలబడుతుంది. ట్రాక్ గడియారం ముల్లు తిరిగినట్టు తిరిగేదైతే కుడి మలుపులు ఎక్కువ, కాబట్టి ఆ భారమంతా ఎడమ ముందు టైరు మోస్తుంది. అందుకని ఏ టైరు కొన్నా ముందు ఆలోచించాల్సింది షోల్డర్, అంటే టైరు అంచు, ఎంత గట్టిది, వేడెక్కినప్పుడు రబ్బరు ఎంతసేపు నిలబడుతుంది అన్న రెండే. షోరూంలో చెప్పే సౌండు, మైలేజీ, మెత్తదనం ఇవన్నీ తర్వాత.

ఇప్పుడు ఏమేం ఉన్నాయో చూద్దాం. మొదటిది మీ కారుకి ఇప్పుడున్న టూరింగ్ టైరే, మిషెలిన్ ప్రైమసీ, బ్రిడ్జ్‌స్టోన్ టురాంజా, అపోలో ఆల్నాక్ లాంటివి. జీవితంలో మొదటి ట్రాక్ డే అయితే, టైర్లలో సత్తా ఉంటే, దయచేసి కొత్తవి కొనకండి, వీటితోనే వెళ్ళండి. గ్రిప్ తక్కువ కాబట్టి స్పీడు తక్కువలోనే హద్దు తెలుస్తుంది, అరుస్తాయి కాబట్టి ముందుగానే హెచ్చరిస్తాయి, బ్రేకు ఎక్కడ వెయ్యాలి, స్టీరింగ్ ఎంత నెమ్మదిగా తిప్పాలి అన్నవి వీటి మీద నేర్చుకున్నంత బాగా ఇంక దేని మీదా నేర్చుకోలేం. కాకపోతే మూడు నాలుగు ల్యాప్‌లకి ఒకసారి ఒక ల్యాప్ నెమ్మదిగా తోలి చల్లారనివ్వాలి, లేకపోతే నాకయినట్టే ముక్కలు ఊడతాయి. ఇంకో సంగతి, సరికొత్త టూరింగ్ టైరు కన్నా సగం అరిగిన టైరే ఎండలో ట్రాక్ మీద బాగుంటుంది, ట్రెడ్ బ్లాకులు పొట్టిగా ఉంటే అటూ ఇటూ ఊగవు, తక్కువ వేడెక్కుతాయి. కానీ ఆ అరిగిన టైరుతోనే వానలో నెల్లూరు దాటాలి కదా, అక్కడే తిరకాసు, కనీసం 4 మిల్లీమీటర్ల ట్రెడ్ లేకుండా వైజాగ్ నుంచి బయల్దేరొద్దు. చట్టం ప్రకారం హద్దు 1.6 అని ఎవరైనా చెప్తే అది నిజమే కానీ హైవే మీద నీళ్ళు నిలిచినప్పుడు ఆ 1.6 మనల్ని ఆదుకోదు.

రెండోది రోడ్డు కోసమే చేసిన స్పోర్ట్స్ టైర్లు, మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 లాంటివి. నన్నడిగితే వైజాగ్ వాళ్ళకి సరైన జవాబు ఇదే. వీటి సైడ్‌వాల్ గట్టిది, బయటి షోల్డర్ బ్లాకులు పెద్దవి, వేడెక్కినా గ్రిప్ ఒక్కసారిగా చేతులెత్తెయ్యదు, నెమ్మదిగా తగ్గుతూ వస్తుంది, అన్నిటికీ మించి వానలో టూరింగ్ టైరు కన్నా కూడా బాగా పట్టుకుంటాయి, బ్రేకు దూరం తగ్గుతుంది. రెండోసారి నేను ఇలాంటివే వేసుకుని వెళ్ళాను, అదే కారు, అదే నేను, సెషన్ మొత్తం ఒకే తీరుగా తోలగలిగాను, ఆ ఐదో ల్యాప్ జారుడు ఎనిమిదో ల్యాప్ దాకా రాలేదు, వచ్చాక కూడా ఒక ల్యాప్ నెమ్మదిగా తిరిగితే మళ్ళీ దారికొచ్చింది. తిరిగొచ్చేటప్పుడు ఒంగోలు దగ్గర కుండపోత, అయినా భయం వెయ్యలేదు. లోపాలు లేవని కాదు, టూరింగ్ టైరు కన్నా తొందరగా అరుగుతాయి, ధర ఎక్కువ, మన గుంతల్లో కాస్త గట్టిగా తగులుతాయి. ఏడాదికి ఒకటి రెండు ట్రాక్ డేలు, మిగతా రోజులు ఎంవీపీ కాలనీ నుంచి ఆఫీసుకి వెళ్ళి రావడం అయితే ఇంతకన్నా ముందుకి పోవాల్సిన పని లేదు.

మూడోది 200 ట్రెడ్‌వేర్ అని పిలుచుకునే రకం, యోకోహామా అడ్వాన్ ఏ052 లాంటివి. టైరు పక్కన ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది, అది ఎంత తక్కువైతే రబ్బరు అంత మెత్తన, అంత తొందరగా అరుగుతుంది అని లెక్క. పైలట్ స్పోర్ట్ 4 అంకె 320, ఏ052 అంకె 200, టోయో ఆర్888ఆర్ అయితే 100. ఈ అంకె కంపెనీలు తమకి తామే పరీక్ష చేసుకుని వేసుకునేది కాబట్టి ఒక కంపెనీ 200ని ఇంకో కంపెనీ 200తో పోల్చి పందెం కట్టొద్దు, ఒకే కంపెనీ టైర్లలో ఏది మెత్తనో తెలుసుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది. ఈ రకం టైర్ల గ్రిప్ నిజంగా వేరే లెవెల్, నా స్నేహితుడి కారులో పక్క సీట్లో కూర్చుని చూశాను, నేను బ్రేకు మీద కాలేసే చోట అతను ఇంకా ఫుల్ థ్రాటిల్‌లో ఉన్నాడు. అయితే ఆ రబ్బరు 1600 కిలోమీటర్ల హైవే మీద కూడా అరుగుతుంది, ఆ అరుగుడుకి ఒక్క ల్యాప్ కూడా లాభం రాదు. చెన్నైవాడికి అదే సెట్టు మన కన్నా ఎన్ని ఎక్కువ ట్రాక్ డేలు వస్తుందో మీరే ఊహించుకోండి. అందుకని ట్రాక్‌కి ఏడాదికి నాలుగైదు సార్లు కచ్చితంగా వెళ్ళేవాళ్ళు, ల్యాప్ టైం రాసుకునేవాళ్ళు తప్ప మిగతావాళ్ళు దీని జోలికి వెళ్ళొద్దు.

నాలుగోది సెమీ స్లిక్కులు, అంటే దాదాపు గాడుల్లేని రేసు టైర్లకి దగ్గరగా ఉండేవి, ఆ ఆర్888ఆర్, నాన్‌కాంగ్ ఏఆర్-1 బాపతు. వీటి గురించి ఎక్కువ చెప్పను, నడుపుకుంటూ వెళ్ళేవాళ్ళు వేసుకోకూడదు, అంతే. వీటికి గాడులు తక్కువ, నిలిచిన నీళ్ళని బయటికి తోసే దారి లేదు, హైవే స్పీడులో నీటి మీద తేలిపోతాయి, అప్పుడు స్టీరింగూ లేదు బ్రేకూ లేదు. మన దారి ఎలాంటిదో గుర్తు చేసుకోండి, జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన వైపు వాన, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు, చెన్నై వైపు వాన, పైగా ఆ నెలల్లోనే బంగాళాఖాతంలో వాయుగుండాలు. పొడి రోడ్డు మీద వైజాగ్‌లో బయల్దేరి సూళ్ళూరుపేటలో నీళ్ళలో దిగడం మామూలే. అదీకాక చల్లగా ఉన్నప్పుడు వీటికి గ్రిప్ రాదు, తెల్లారగట్ల హైవే మీద ఎవరైనా అడ్డం వచ్చి సడన్ బ్రేకు వెయ్యాల్సివస్తే మామూలు టైరు కన్నా అధ్వాన్నం.

ఇంక మిగిలింది రెండు సెట్ల పద్ధతి, రోడ్డుకి ఒక సెట్టు, ట్రాక్‌కి ఒక సెట్టు. వినడానికి బాగుంటుంది, చెయ్యడానికి కూడా కుదురుతుంది, నేను ఒకసారి చేశాను. వెనక సీటు మడిచేస్తే పోలోలో నాలుగు చక్రాలు పట్టేస్తాయి, పాత దుప్పట్లు మధ్యలో వేసి, బెల్టులతో గట్టిగా కట్టాలి, కట్టకపోతే సడన్ బ్రేకులో అవి నేరుగా మన వీపు మీదకి వస్తాయి. ఇంక ఆ కారులో ఇద్దరికి మించి వెళ్ళలేరు, జాకీ, స్టాండులు, టార్క్ రెంచి కూడా మోసుకెళ్ళాలి. టార్క్ రెంచి ఎందుకంటే ఒకసారి ఒక షాపులో గాలి గన్నుతో బోల్టులు బిగించేస్తే పేడాక్‌లో (ట్రాక్ పక్కన కార్లు నిలిపే చోట) నలుగురం కలిసి నిలబడి తొక్కినా ఊడలేదు, ఒక సెషన్ అక్కడే పోయింది. పోలోకి బోల్టు టార్క్, అంటే ఎంత బలంతో బిగించాలో ఆ లెక్క, 120 న్యూటన్ మీటర్లు, చేత్తోనే బిగించండి, మొదటి సెషన్ అయ్యాక చల్లారనిచ్చి మళ్ళీ ఒకసారి చూడండి. ఈ అవస్థంతా పడటానికి ఓపికా, ఇంట్లో చక్రాలు పెట్టుకోవడానికి చోటూ ఉంటే 200 ట్రెడ్‌వేర్ టైర్లకి ఇదే సరైన దారి, ఎందుకంటే అప్పుడు ఆ రబ్బరంతా ట్రాక్ మీదే ఖర్చవుతుంది.

సైజు గురించి చాలామంది 17 అంగుళాల రిమ్ముకి వెళ్ళిపోదాం అంటారు, చూడ్డానికి బాగుంటుంది నిజమే. ట్రాక్‌కి మాత్రం చిన్న చక్రమే మేలు, బరువు తక్కువ, టైరు ధర తక్కువ, గుంతలో పడినా రిమ్ము అంత తేలిగ్గా వంగదు. 16 అంగుళాల రిమ్ము మీదే 195/55 బదులు 205/50 వేస్తే వెడల్పు పెరుగుతుంది, మొత్తం వ్యాసంలో తేడా 10 మిల్లీమీటర్ల లోపే కాబట్టి స్పీడోమీటర్ లెక్క పెద్దగా మారదు, పైగా స్పోర్ట్స్ టైర్లలో ఆ వెడల్పులో కాస్త ఎక్కువ మోడల్స్ ఉంటాయి. ఆల్ట్రోజ్ రేసర్ వాళ్ళది 185/60 ఆర్16, అందులో స్పోర్ట్స్ టైర్లు వెతికేకన్నా రిమ్ము వెడల్పు చూసుకుని 195/55 చూడటం తేలిక. ఏది వేసినా లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువుకి వేసే అంకె), స్పీడ్ రేటింగ్ (తట్టుకునే వేగానికి వేసే అక్షరం) కంపెనీ ఇచ్చినదానికన్నా తగ్గకూడదు, హెచ్ అంటే 210, వీ అంటే 240, డబ్ల్యూ అంటే 270 కిలోమీటర్ల దాకా.

దొరకడం ఇంకో కథ. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని ఆంక్షల జాబితాలో పెట్టినప్పటి నుంచి బయటి దేశాల స్పోర్ట్స్ టైర్లు చిన్న సైజుల్లో దొరకడం కష్టమైపోయింది. మన అచ్యుతాపురంలోనే యోకోహామా ఫ్యాక్టరీ ఉంది కదా అని నన్ను చాలామంది అడిగారు, అక్కడ 2022లో మొదలైంది ట్రాక్టర్లూ, పొలం పనులూ, గనుల బళ్ళ టైర్ల ఫ్యాక్టరీ, అక్కడికెళ్ళి ఏ052 అడిగితే లాభం లేదు. వైజాగ్‌లో ఈ రకం టైర్లు తొందరగా అమ్ముడుపోవు కాబట్టి షాపులో ఎప్పటి నుంచో ఉన్నవి అంటగడతారు, నాకు ఒక షాపులో కొత్తది అని చూపించిన టైరు మీద తేదీ చూస్తే మూడేళ్ళు దాటింది. సైడ్‌వాల్ మీద చివర నాలుగంకెలు చూడండి, 2325 అని ఉంటే 2025లో 23వ వారం అని అర్థం. ఏడాది లోపుదే కావాలని గట్టిగా అడగండి, నాలుగు టైర్లూ చూడండి, ఒకటి చూసి ఊరుకోకండి. ఐఎస్ఐ గుర్తు కూడా చూడండి.

డబ్బు మిగుల్చుకుందామని మంచి టైర్లు ముందు రెండిటికే వేసి వెనకవి పాతవి ఉంచేద్దాం, ఎలాగూ పని చేసేవి ముందువే కదా అనుకుంటారు. ఇది మాత్రం చెయ్యొద్దు, చేతులెత్తి దణ్ణం పెట్టి చెప్తున్నాను. ముందు బాగా పట్టుకుని వెనక పట్టుకోకపోతే మలుపులో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే కారు వెనక భాగం ముందుకొచ్చేస్తుంది, ట్రాక్ మీద అయితే మట్టిలో దిగుతాం, అదే వానలో రావులపాలెం బ్రిడ్జి మీద అయితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నాలుగూ ఒకటే వెయ్యండి, ఒక్కో ట్రాక్ డే తర్వాత ముందువి వెనక్కి వెనకవి ముందుకి మార్చండి. సైడ్‌వాల్ మీద బాణం గుర్తు ఉన్న టైరు ఎడమ నుంచి కుడికి మారదు, బయటివైపు అని మాత్రమే రాసున్న టైరు మారుతుంది, ఎడమ ముందు టైరే ఎక్కువ అరిగే మనకి ఈ రెండో రకమే లాభం.

ఇంకో మాట, టైరు మార్చే ముందు బ్రేక్ ఆయిల్ మార్చండి. గ్రిప్ పెరిగితే బ్రేకు గట్టిగా, లేటుగా వేస్తాం, వేడి పెరుగుతుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక ఆ కనీసం 155కి పడిపోతుంది. సముద్రం పక్కన ఉండే మన ఊళ్ళో రెండేళ్ళ నాటి ఆయిల్‌తో మంచి టైర్లు వేసుకుని వెళ్తే నాలుగో ల్యాప్‌లో పెడల్ నేలకి తగులుతుంది. ఇన్సూరెన్స్ కాగితం కూడా ఒకసారి చదవండి, మామూలు కారు పాలసీల్లో రేసింగూ, స్పీడ్ టెస్టింగూ కవర్ కావు.

గాలి ఒత్తిడి దగ్గరే అందరూ తప్పు చేస్తారు కాబట్టి వివరంగా చెప్తాను. హైవే మీద డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసినంత పెట్టుకుని వెళ్ళండి. ట్రాక్ మీద టైరు లోపలి గాలి వేడెక్కి 6 నుంచి 10 పీఎస్ఐ దాకా పెరిగిపోతుంది, టైరు మధ్యలో ఉబ్బి నేలని సరిగ్గా పట్టుకోదు. నేనయితే పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు ముందు వెనకా 30తో మొదలెడతాను, సెషన్ అవ్వగానే పిట్‌లో ఆగి వేడి మీదే కొలుస్తాను, 38, 39 చూపిస్తే 36కి దించుతాను. నాలుగు చక్రాలూ ఒకేలా పెరగవు, ఎడమ ముందుది అన్నిటికన్నా ఎక్కువ పెరుగుతుంది, అందుకని దేనికది విడివిడిగా కొలిచి రాసుకోండి. సరిపోయిందో లేదో తెలియడానికి పిల్లల సుద్దముక్క చాలు, షోల్డర్ మీద నుంచి సైడ్‌వాల్ దాకా మూడుచోట్ల అడ్డంగా గీతలు గియ్యండి, సెషన్ అయ్యాక సుద్ద ఎక్కడిదాకా చెరిగిందో చూడండి. చాలా టైర్లకి షోల్డర్ దగ్గర చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది, ఆ మొన దాకా చెరిగితే సరిపోయినట్టు, అది దాటి సైడ్‌వాల్ మీద కూడా చెరిగితే గాలి మరీ తగ్గించేశారు, 2 పీఎస్ఐ పెంచండి. నైట్రోజన్ అవసరమా అంటే, దాని గొప్పేమీ లేదు, పొడిగా ఉంటుంది అంతే, మన ఊరి ఉక్కపోతలో పంచర్ షాపు కంప్రెసర్ ట్యాంకులో నీళ్ళు చేరి ఉంటాయి, ఆ తడి గాలి వేడెక్కితే ఒత్తిడి ఇష్టమొచ్చినట్టు పెరుగుతుంది. పంచర్ వేసిన టైరుతో మాత్రం ట్రాక్ మీదకి వెళ్ళొద్దు.

సాయంత్రం ట్రాక్ నుంచి బయటికొచ్చేటప్పుడు ఒళ్ళంతా అలసిపోయి ఉంటుంది, ఇంటికి 800 కిలోమీటర్లు ఉంది, ఎప్పుడు బయల్దేరదామా అని ఉంటుంది. ఆ వేడి మీద 36కి దించిన టైరు చల్లారాక 27, 28కి పడిపోయి ఉంటుంది, సామానుతో, ఇద్దరు మనుషులతో రాత్రంతా ఆ గాలితో హైవే స్పీడులో తోలితే సైడ్‌వాల్ లోపల నలిగి ఎక్కడో ఒకచోట పేలుతుంది. అందుకని గంట సేపు టీ తాగుతూ కూర్చోండి, టైరు మీద అరచెయ్యి పెట్టగలిగేంత చల్లారాక, రోడ్డెక్కగానే కనపడే మొదటి పెట్రోల్ బంకులో స్టిక్కర్ లెక్క ప్రకారం నాలుగిటికీ, స్టెప్నీకి కూడా గాలి పెట్టించి, లోపలి అంచుల్లో కోతలూ ఉబ్బులూ ఏమైనా ఉన్నాయేమో ఫోన్ లైటు వేసి చూసుకుని అప్పుడు బయల్దేరండి.